కుర్చీ చేతులను మోచేతికి కొలిచి చేయించుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి ముందుగదిలో రెండు రకాల ఆసనాలు ఉన్నాయి. ఒకటి మా తాతగారు వడ్రంగిని ఇంటికి పిలిపించి, దగ్గరుండి చేయించిన టేకు చేతుల కుర్చీ. రెండవది కొన్నేళ్ల కిందట విజయవాడలో ఒక దుకాణంలో చూసి ముచ్చటపడి కొన్న మెత్తటి సోఫా. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ సోఫాలో కూర్చుంటే ఎవరో ఒకరు చేయందించి లేపవలసి వచ్చేది. అదే టేకు కుర్చీలో కూర్చుంటే తనంతట తానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. సోఫా మరీ మెత్తగా ఉండటమే ఇందుకు కారణమని చాలాకాలం అనుకున్నాము. టేపు పెట్టి కొలిచిన రోజున మిగతా సంగతి తెలిసింది. ఆమె కూర్చోగానే సోఫా దిండు 3 అంగుళాలు కుంగుతోంది. దానితో దుకాణంలో 9 అంగుళాల ఎత్తున కనిపించిన సోఫా చేయి ఆమెకు 12 అంగుళాల ఎత్తవుతోంది. అంత ఎత్తున, అందులోనూ జానెడు వెడల్పుతో బొద్దుగా ఉన్న చేయి మీద అరచేయి మోపి శరీరాన్ని పైకి నెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

కుర్చీ కొనేటప్పుడు కర్ర ఏమిటి, దిండు ఎంత మందం, రంగు గోడకు నప్పుతుందా అని అడుగుతాము గాని, దాని చేతులు మన మోచేతికి సరిపోతాయా అని అడగడం అరుదు. వడ్రంగికి పని చెప్పేటప్పుడూ అంతే. ఆచారి గారు "చేతులు ఎంత ఎత్తు పెట్టమంటారండీ?" అని అడిగితే "మామూలుగా పెట్టండి" అని తేల్చేస్తాము. చొక్కా కుట్టించుకోవడానికి వెళ్లి చేతుల పొడవు మామూలుగా పెట్టమని ఎవరమూ చెప్పము, అక్కడ భుజం నుంచి మణికట్టు దాకా టేపు పట్టించుకుంటాము. చొక్కా చేతులకు ఇచ్చే కొలత కుర్చీ చేతులకూ ఇవ్వాలి. ఆ కొలత ఎలా తీయాలో, దానిని బట్టి కొత్త కుర్చీ ఎలా చేయించుకోవాలో, ఇంట్లో ఉన్నదానిని ఎలా సరిదిద్దుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

చేయి మోసే పని

మనిషి బరువులో ఒక్కొక్క చేయి సుమారు 5 శాతం ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి రెండు చేతులూ కలిపి 6 కిలోల దాకా తూగుతాయి. పత్రిక పట్టుకున్నా, ఫోను చూస్తున్నా, ఒడిలో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నా, ఈ బరువును మెడ నుంచి భుజాల మీదుగా వీపు పైభాగం దాకా పరచుకున్న కండరాలు మోస్తూనే ఉండాలి. మోచేయి దేనిమీదనైనా ఆనగానే అందులో చాలా భాగం కుర్చీ మీదికి దిగుతుంది, వెన్నెముక మీద భారం కూడా కొంత తగ్గుతుంది. అయితే ఆనిక సరైన ఎత్తున ఉన్నప్పుడే ఈ మేలు. కుర్చీ చేయి మరీ ఎత్తుగా ఉంటే భుజాలు చెవుల వైపు లేచి, విశ్రాంతి పొందవలసిన కండరాలే బిగుసుకుపోతాయి. మరీ దిగువగా ఉంటే మోచేయి దానిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది, దానితో మనిషి తెలియకుండానే ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాడు. సాయంత్రానికి నడుములో ఒక పక్క మాత్రమే నొప్పిగా ఉంటోందనే వారు ముందు తమ కుర్చీ చేతుల ఎత్తు చూసుకోవడం మంచిది.

మోచేతి ఎత్తు తీసే విధం

ఈ కొలతకు ఒక గట్టి బల్ల లేదా స్టూలు, ఒక టేపు, కొలవడానికి మరొక మనిషి ఉంటే చాలు. మెత్త వేసిన కుర్చీ మీద ఈ కొలత తీయకూడదు. కుర్చీ ఎవరి కోసమో వారిని స్టూలు మీద కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేటట్లు, తొడలు నేలకు సమాంతరంగా ఉండేటట్లు చూడాలి. స్టూలు ఎత్తుగా ఉంటే కాళ్ల కింద పీట వేయాలి. కొలుస్తున్నారనగానే మనిషి బిగుసుకుపోయి నిటారుగా కూర్చుంటాడు కాబట్టి, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదలమని చెప్పి, భుజాలు వాటంతట అవి దిగిన తరువాత మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి లంబకోణంలో మడవమనాలి. అప్పుడు స్టూలు పైభాగం నుంచి మోచేతి అడుగు వరకు టేపు పట్టాలి. కుడి ఎడమలు రెండూ కొలిచి, తేడా ఉంటే తక్కువ వచ్చిన దానిని తీసుకోవాలి. మొత్తం కొలతను కొద్ది నిమిషాల ఎడంతో మరి రెండుసార్లు తీస్తే నమ్మకం కుదురుతుంది.

పెద్దవారిలో ఈ కొలత ఎక్కువగా 7 నుంచి 9.5 అంగుళాల మధ్య వస్తుంది. మా ఇంట్లో అమ్మది 7.5, నాది 8.5, మా బావగారిది 9.25 అంగుళాలు. నిలబడితే బావగారు నాకంటే పొట్టి అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఈ ఎత్తు నిర్ణయమయ్యేది కాళ్ల పొడవుతో కాదు. మొండెం పొడవు, దండచేయి పొడవు, ఈ రెండింటి పొత్తును బట్టి అది మారుతుంది. అందువల్ల మనిషి పొడవు చెప్పి కుర్చీ చేతులు పెట్టించడం సరిపోదు. టేపు లేని చోట ఉజ్జాయింపుగా చూడాలంటే ఎవరి జానెడు వారికి బాగానే ఉపకరిస్తుందని, నేను కొలిచిన చాలామందిలో జానెడుకూ మోచేతి ఎత్తుకూ అంగుళానికి మించి తేడా రాలేదని చెప్పగలను. దుకాణంలో నిలబడి పది కుర్చీల్లో రెండింటిని ఏరుకోవడానికి జానెడు చాలు. కర్ర కోయించడానికి మాత్రం టేపు కొలతే కావాలి.

తరువాత కుంగుదల సంగతి చూడాలి. కుర్చీ చేతి ఎత్తును ఖాళీ దిండు పైనుంచి కాక, మనిషి కూర్చున్న తరువాత అణగిన దిండు మట్టం నుంచి లెక్కించాలి. మనిషిని కూర్చోబెట్టి, తుంటి పక్కగా ఒక చెక్క స్కేలును అణగిన మట్టం దాకా దించి, కుర్చీ చేతి పైభాగం వరకు ఎంత ఉందో చదవాలి. గట్టి చెక్క సీటుకు, పేము అల్లిన సీటుకు కుంగుదల స్వల్పం. స్పాంజి దిండ్లలో అది నాణ్యతను బట్టి, మందాన్ని బట్టి, వాడిన కాలాన్ని బట్టి మారుతుంది. గుడ్డ బిగించిన పడక కుర్చీలో అన్నిటికంటే ఎక్కువ; అందులో తుంటి భాగం లోతుకు దిగిపోతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు మరీ దిగువగా అనిపించే చేతులే కూర్చున్నాక సరైన ఎత్తుకు వస్తాయి.

ఈ రెండు కొలతలూ తెలిసిన తరువాత లెక్క తేలిక. అణగిన మట్టం నుంచి మోచేతి ఎత్తు ఎంతో, కుర్చీ చేయి కనీసం అంత ఎత్తున ఉండాలి. దానికి అర అంగుళం నుంచి ఒక అంగుళం వరకు కలుపుకోవచ్చు. మనం కొలిచేటప్పుడు మోచేయి ఒంటికి ఆని ఉంటుంది, నిజంగా కూర్చున్నప్పుడు అది కొద్దిగా ముందుకో పక్కకో జరిగి ఆ మేరకు పైకి లేస్తుంది కాబట్టి ఈ కలుపుబడి. నలుగురూ వాడే కుర్చీ అయితే 8 అంగుళాల దగ్గర ఆగమని నా సలహా. తక్కువైన చేతికి మెత్త వేసి పెంచుకోవచ్చు గాని, ఎక్కువైన చేతిని కోయించక తప్పదు.

రెండు చేతుల మధ్య చోటు

చేతుల లోపలి అంచుల మధ్య కనీసం 18 అంగుళాలు ఉండాలి, 19 లేదా 20 ఉంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. 22 దాటితే మోచేతులను రెక్కల్లా పక్కలకు చాచవలసి వచ్చి, భుజాలకు శ్రమ మళ్లీ మొదలవుతుంది. దుకాణాల్లోని విదేశీ తరహా కుర్చీలు కాళ్లు కిందికి దించి కూర్చునే వారిని ఉద్దేశించి చేసినవి. మన ఇళ్లలో అరవై దాటిన వారు మాత్రమే కాదు, చదువుకునే పిల్లలు కూడా కుర్చీలో ఒక కాలు మడుచుకుని గాని, పూర్తిగా బాసింపట్టు వేసుకుని గాని కూర్చుంటారు. ఈ అలవాటును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, దానికి తగిన కుర్చీ చేయించుకోవడమే సబబు.

బాసింపట్టు వేసినప్పుడు మోకాళ్లు చేతుల కంటే వెడల్పుగా చాచుకుంటాయి. అందుకోసం చేతులను 26 అంగుళాల దూరం జరిపితే మామూలుగా కూర్చున్నప్పుడు మోచేతులు అందవు. ఇందుకు ఉపాయం చేయి కింద ఖాళీ వదలడం. సోఫాలలో చేసినట్లు చేతి కింది భాగాన్ని పలకతో గాని మెత్తతో గాని మూయకుండా, ముందు కోడుకూ వెనక కోడుకూ మధ్య కనీసం 12 అంగుళాలు, సీటుకూ చేతి అడుగుకూ మధ్య కనీసం 7 అంగుళాలు ఖాళీ ఉంచితే మోకాలు ఆ సందులోంచి హాయిగా బయటికి వస్తుంది. మా తాతగారి కుర్చీలో ఉన్నది సరిగ్గా ఇదే. ఆ కుర్చీలో బాసింపట్టు వేసుకుని అమ్మ గంటసేపు పత్రిక చదువుతుంది. చేతి కింద నగిషీ కోసం నిలువు పుల్లలు పెట్టించుకోవాలనుకునే వారు ఈ ఒక్క కారణంగా ఆ ఆలోచన మానుకోవాలని కోరుతున్నాను.

పొడవు, బల్లతో పేచీ

చేయి ఎంత ముందుకు రావాలన్నది కుర్చీ ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర, రాత బల్ల దగ్గర వాడే కుర్చీకి చేతులు సీటు ముందు అంచుకు 4 లేదా 5 అంగుళాల వెనకనే ఆగిపోవాలి; లేకుంటే అవి బల్ల అంచుకు తగిలి మనిషిని దూరంగా ఆపేస్తాయి. అప్పుడు మనిషి ముందుకు వంగి తినాలి, వంగి రాయాలి. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ వెగ్నర్ 1949లో రూపొందించిన విష్‌బోన్ కుర్చీ ఈ విషయంలో చూడదగినది. అందులో వీపుకు ఆనే వంపు కర్రే రెండు పక్కలా ముందుకు సాగి పొట్టి చేతులుగా ముగుస్తుంది, అందుచేత మోచేతికి దన్ను దొరుకుతుంది, బల్లకు అడ్డమూ ఉండదు.

చేతులు బల్ల కిందికి దూరాలనుకుంటే మరొక లెక్క ఉంది. భోజనాల బల్ల ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు. దాని కింద చుట్టూ వేసే పట్టె 4 అంగుళాలైతే, పలక మందం పోగా అడుగున మిగిలేది 25 అంగుళాలే. సీటు ఎత్తు 17.5, చేయి 8, మొత్తం 25.5 అంగుళాలు. అర అంగుళంతో పని చెడుతుంది. చాలా ఇళ్లలో భోజనాల బల్ల పట్టె మీద వరసగా కనిపించే గీతలు ఈ అర అంగుళం పెట్టినవే. బల్లా కుర్చీలూ ఒకేసారి చేయిస్తుంటే పట్టె వెడల్పును 3 అంగుళాలకు తగ్గించమని చెప్పడం అన్నిటికంటే సులువైన మార్గం. చేయి ఎత్తును తగ్గించి బల్ల కిందికి తోయడం మాత్రం సరికాదు.

లేవడానికి ఆసరా

పెద్దవారి కుర్చీకి లెక్క తారుమారవుతుంది. వారికి చేయి సీటు ముందు అంచు దాకా రావాలి. కూర్చున్న మనిషి లేచేటప్పుడు జరిగేదేమిటో చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ముందు తుంటిని సీటు అంచుకు జరుపుకుంటాడు, పాదాలను మోకాళ్ల కంటే కొద్దిగా వెనక్కు లాక్కుంటాడు, మొండాన్ని ముందుకు వంచుతాడు, ఆ తరువాతే పిరుదులు సీటును విడుస్తాయి. సరిగ్గా ఆ క్షణంలోనే మోకాళ్ల మీద, తుంటి కీళ్ల మీద అత్యధిక భారం పడుతుంది. అరచేతులు అప్పటికి ఒంటికి సమానంగా గాని, కాస్త ముందుగా గాని ఉండి, కిందికి నెట్టగలిగితే ఆ భారంలో కొంత చేతులు పంచుకుంటాయి. చేయి వెనకనే ఆగిపోయిన కుర్చీలో తుంటి ముందుకు జరిగేసరికి అరచేతులు వెనకబడిపోతాయి, వెనకబడిన చేతులతో నెట్టడానికి బలం చాలదు.

అందువల్ల మోకాళ్ల నొప్పులున్న వారికి చేయించే కుర్చీలో నేను పట్టుబట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. సీటు ఎత్తు 18 అంగుళాలకు తగ్గకూడదు. మనిషి పొడగరి అయితే 19 అయినా మంచిదే, పాదాలు నేలకు ఆనితే చాలు. సీటు గట్టిగా ఉండాలి. సీటు కింద ముందు వైపు అడ్డపట్టె ఉండకూడదు, ఉంటే పాదాలు వెనక్కు రావు. కుర్చీ బిగువుకు అడ్డపట్టె తప్పనిసరి అయితే దానిని మధ్యకు జరపాలి. చేయి ఎత్తు మోచేతి కొలతకు ఒక అంగుళం ఎక్కువగా ఉంటే నెట్టడానికి తగిన వంపు మోచేతికి దొరుకుతుంది. చేతి కొన మాత్రం అరచేతికి నిండుగా పట్టు దొరికేలా అంగుళంన్నర మందంలో, గుండ్రంగా, కొద్దిగా కిందికి వంగి ఉండాలి. పాత చేతుల కుర్చీల్లో ఆ కొనను గుబ్బలా చెక్కేవారు. అది అలంకారమని చాలామంది అనుకుంటారు గాని, దానిని పట్టుకుని లేచిన వారికి దాని అసలు ప్రయోజనం తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చేతి కొన ముందు కోడు పాదాన్ని దాటి ముందుకు రాకూడదు. దాటితే, బరువంతా కొన మీద మోపిన క్షణాన కుర్చీ ముందుకు తిరగబడే ప్రమాదం ఉంటుంది. కుర్చీ ఇంటికి వచ్చిన రోజున ఆరోగ్యవంతులెవరైనా పక్కన నిలబడి ఒక చేతి కొన మీద బలమంతా వేసి నొక్కి చూడాలి. వెనక కోళ్లు నేల విడవకూడదు. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీల చేతులు ఒత్తిడికి పక్కకు వంగుతాయి, నున్నటి గచ్చు మీద కోళ్లు జారతాయి కూడా. కోళ్ల కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ అయితే లేచేటప్పుడు వెనక్కు జరిగిపోతుంది. ఈ రెండింటినీ పెద్దవారు లేచి కూర్చునే చోట పెట్టవద్దు.

అంచు, వెడల్పు, నాడి

మోచేయి దేనికైనా తగిలినప్పుడు చేయంతా జివ్వుమనడం అందరికీ అనుభవమే. మోచేతి లోపలి వైపు ఎముక గుబ్బ వెనకగా, చర్మానికి దాదాపు ఆనుకుని, అల్నార్ నాడి సాగుతుంది. దాని మీద కండ గాని కొవ్వు గాని పెద్దగా ఉండదు. కుర్చీ చేయి సన్నగా, పదునైన అంచుతో ఉంటే మనిషి ముందుకు ఒరిగిన ప్రతిసారీ ఆ నాడి నలుగుతుంది. చిటికెన వేలు, దాని పక్కనే ఉన్న ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కడం అందుకు గుర్తు. రోజూ ఒకే కుర్చీలో గంటల తరబడి కూర్చునే వారికి ఈ తిమ్మిరి తరచుగా వస్తుంటే కుర్చీ మార్చడంతోపాటు వైద్యుడికి చూపించుకోవాలి.

కాబట్టి చేతి వెడల్పు బెత్తెడుకు, అంటే సుమారు 3 అంగుళాలకు, తగ్గకుండా చూసుకోవాలి. ముంజేయి మొత్తం పరుచుకుని ఆనాలి, మోచేతి గుబ్బ ఒక్కటే మోయకూడదు. పై అంచులను కనీసం పావు అంగుళం వ్యాసార్ధంతో గుండ్రం చేయించాలి, లోపలి అంచును ఇంకా ఎక్కువ. పనివారు చిత్రిక పట్టి గరుకు కాగితంతో రుద్దేసి అయిపోయిందంటారు. కళ్లు మూసుకుని ముంజేతిని దాని మీద ముందుకూ వెనక్కూ జరిపి, గీత తగిలినట్లు ఎక్కడా అనిపించకపోయినప్పుడే సరేననాలి. చేయి సీటుతోపాటు వెనక్కు కొద్దిగా వాలి ఉంటే ముంజేయి ముందుకు జారదు. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి 5 అంగుళాల వెడల్పు చేతులు కావాలనుకునే వారు పెట్టించుకోవచ్చు, అమెరికాలో 1903లో పుట్టిన ఆడిరాండాక్ ఆరుబయటి కుర్చీకి ఆ వెడల్పాటి చేతులే గుర్తింపు తెచ్చాయి. కాని అంత వెడల్పు చేయి లేవడానికి పట్టు ఇవ్వదు కనుక అమ్మమ్మల, తాతయ్యల కుర్చీలకు వద్దు.

ఉక్కపోతకు తగిన పైపూత

కృష్ణ ఒడ్డున వేసవి ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనవసరం లేదు. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఊళ్లో ముంజేయి గంటల తరబడి ఆనే చోట రెగ్జిన్ వేయడం నాకు ఎంతమాత్రమూ నచ్చదు. చెమటకు చర్మం అంటుకుంటుంది, నూనె, చెమట దిగి రెండు మూడేళ్లలో పగుళ్లు వస్తాయి. వసారాలో ఎండ తగిలే చోట ఇనుప చేతుల కుర్చీ వేస్తే చేయి పెట్టనివ్వదు. నున్నగా తీర్చిన టేకు కర్ర అన్నిటికంటే మేలు; మెత్తదనం కావాలంటే దాని మీద ఉతుక్కోవడానికి వీలుగా నూలు గలీబు తొడగాలి. వేపకర్ర, తుమ్మకర్ర కూడా గట్టివే, కాకపోతే బాగా ఆరినవి దొరకాలి. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర తేలికగా చెక్కుడుపడుతుంది గాని, కుర్చీ చేతికి కావలసిన గట్టిదనం దానికి లేదు.

లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ అందంగానే ఉంటుంది, అయితే లక్క ఆల్కహాలులో కరుగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే కుర్చీ చేతుల మీద పెట్టే అలవాటున్న ఇళ్లలో ఆ పాలిష్ మచ్చలు పడి జిగురెక్కుతుంది. చేతుల వరకైనా పాలీయురేథేన్ పూత వేయించడం మేలు.

అతుకుల బలం

కుర్చీలో అన్నిటికంటే ముందు వదులయ్యేది చేయి వెనక కోడును కలిసే అతుకు. మనిషి వెనక్కు వాలినా, పక్కకు ఒరిగినా, నెట్టి లేచినా, చేయి ఒక మీటలా పనిచేసి ఆ అతుకును విడదీయాలని చూస్తుంది. చేతి కొనను చెక్కి కోడులోని రంధ్రంలో దిగగొట్టి, అడ్డంగా చెక్క మేకు వేసిన అతుకు దశాబ్దాలు నిలుస్తుంది. స్క్రూ ఒక్కటే బిగించిన అతుకు నిలవదు, ముఖ్యంగా కర్ర కొనలోకి, పోగుల దారినే దిగిన స్క్రూకు పట్టు బాగా తక్కువ. 1950లలో చండీగఢ్ కార్యాలయాల కోసం స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి పియర్ జానరే బృందం రూపొందించిన టేకు, పేము కుర్చీల్లో పక్క కోళ్లు రెండూ తలకిందులైన వి ఆకారంలో లేచి పైన చేతిని కలుస్తాయి. త్రికోణం తేలికగా వంగదు కనుక ఆ చేతులకు అంత బిగువు వచ్చింది.

చేయి ఊగుతోందని తెలిసిన రోజునే మరమ్మతు చేయించాలి. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు కాబట్టి అతుకును పూర్తిగా విప్పి, పాత పొరను ఉలితో గీకి, కర్ర కనిపించిన తరువాతే కొత్త జిగురు రాసి, క్లాంపుతో గాని బిగించి కట్టిన తాడుతో గాని రాత్రంతా కదలకుండా ఉంచాలి. వడగాడ్పుల రోజుల్లో కర్ర ఎండి కుదించుకుపోతుంది, వానలు పడగానే మళ్లీ ఉబ్బుతుంది. వేసవిలో వదులైన అతుకు శ్రావణంలో దానంతట అది బిగిసిందని ఊరుకుంటే మరుసటి ఏడాదికి రంధ్రం అరిగి పెద్దదవుతుంది.

ఆఫీసు కుర్చీ, తరగతి కుర్చీ

కంప్యూటరు ముందు వాడే కుర్చీలో ముందు సీటు ఎత్తును పాదాలకు సరిపెట్టి, ఆ తరువాతే చేతుల ఎత్తును మోచేతికి సరిపెట్టాలి. కీబోర్డు కూడా ఆ మట్టంలోనే ఉండాలి. చేతులు బల్లకు తగిలి మనిషి దగ్గరగా జరగలేకపోతుంటే, ఎత్తు మార్చే వీలూ లేకపోతే, అడుగున ఉన్న స్క్రూలు విప్పి ఆ చేతులను తీసేయడమే మంచిది. తగని చేతులున్న కుర్చీ కంటే చేతులు లేని కుర్చీ మేలు.

గుంటూరు, విజయవాడల్లోని కోచింగ్ సంస్థల్లో చాలామంది పిల్లలు రోజులో ఎక్కువసేపు రైటింగ్ ప్యాడ్ ఉన్న కుర్చీల్లోనే గడుపుతారు. ఆ ప్యాడ్ దాదాపు ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. ఎడమచేతి వాటం పిల్లలు నడుము తిప్పి, చేతికి ఏ ఆనికా లేకుండా రాస్తారు. మీ పిల్లలు ఎడమచేతి వాటం వారైతే ఎడమ పక్క ప్యాడ్ ఉన్న కుర్చీని ఒకటైనా వేయమని, అది కుదరకపోతే విడి బల్ల ఇవ్వమని సంస్థను తప్పక అడగండి. ఇది మొహమాటపడవలసిన విషయం కాదు.

ఉన్న కుర్చీని సరిదిద్దుకోవడం

చేతులు తక్కువ ఎత్తులో ఉంటే వెంటనే డబ్బు ఖర్చు చేయవద్దు. దళసరి తువాలును మడతలు పెట్టి చేతి మీద తాడుతో కట్టి వారం రోజులు వాడి చూడాలి. ఒక మడత తీసి, ఒక మడత వేసి, భుజాలు హాయిగా ఉన్న ఎత్తు ఏదో తేల్చుకుని, ఆ మందాన్ని కొలిచి, అంత మందంగా గట్టి స్పాంజి మెత్త కుట్టించి తగిలించాలి. చేతులు ఎక్కువ ఎత్తులో ఉంటే సీటు మీద గట్టి దిండు వేసి మనిషిని పైకి తేవాలి. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేయాలి. మా సోఫాకు చేసింది ఇదే. దిండు కింద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక పరచి, మెత్తటి స్పాంజి తీసేసి గట్టిది వేయించాము. 3 అంగుళాల కుంగుదల ఒక అంగుళానికి తగ్గింది, పలక మందంతో సీటు మట్టం కూడా లేచింది, 12 అంగుళాల చేయి ఇప్పుడు అమ్మకు 9 అంగుళాల పైన కొద్దిగా ఉంది. బొద్దు చేతికి పట్టు మాత్రం రాలేదు, దానికి ముందు కొనన నిలువుగా ఒక టేకు గుబ్బ బిగించవలసి వచ్చింది. ఆ గుబ్బను సోఫా లోపలి చట్రానికి బోల్టు వేసి బిగించారు. పైగుడ్డకు బిగిస్తే ఊడి వస్తుంది.

కొత్త కుర్చీ చేయించినా, పాతది సరిచేయించినా, ఎవరి కోసం చేయించారో వారి మోచేతి ఎత్తు, సీటు ఎత్తు, కుంగుదల, చేతుల మధ్య దూరం, ఈ నాలుగు అంకెలనూ తేదీతో సహా సీటు అడుగున పెన్సిలుతో రాయించండి. మా తాతగారి కుర్చీ అడుగున ఒక మూల "8, 18, 19" అని ఆచారి గారి చేతిరాత ఇప్పటికీ కనిపిస్తుంది. మొన్న పేము అల్లిక మార్పించడానికి వచ్చిన పనివారు ఆ అంకెలు చూసి, ఇక టేపు తీయకుండానే పని మొదలుపెట్టారు.